పొద్దు పొడిస్తే పన్నెండు: అడిస్ అబాబాలో నా రెండు వారాలు

2018 నవంబరు 9, శుక్రవారం ఉదయం ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో విమానం దిగి, తమ్ముడి అద్దె ఇంటికి చేరి, వంటగది గోడకు వేలాడుతున్న క్యాలెండరు వైపు చూస్తే అందులో 2011వ సంవత్సరం కనిపించింది. పాత క్యాలెండరును తీసివేయడం మరచిపోయాడేమో అనుకున్నాను. "పాతది కాదక్కా, ఈ రోజుదే. ఇక్కడి లెక్కలో ఇవాళ 2011, తిఖింత్ నెల ముప్పయ్యో తేదీ" అన్నాడు తమ్ముడు. ఇథియోపియా పంచాంగంలో నెలలు పదమూడు. పన్నెండు నెలలకు ముప్పయ్యేసి రోజులు ఉంటాయి. మిగిలిన ఐదు రోజులను, నాలుగేళ్లకొకసారి ఆరు రోజులను, పాగుమే అనే పదమూడో నెలగా లెక్కిస్తారు. కొత్త సంవత్సరం మన సెప్టెంబరు 11న, నాలుగేళ్లకొకసారి 12న మొదలవుతుంది. అధిక మాసాన్ని ఎరిగిన మనకు పదమూడో నెల మరీ వింత కాకపోయినా, విమానం ఎక్కిన సంవత్సరం కంటే ఏడేళ్లు వెనుక ఉన్న సంవత్సరంలో దిగడం మాత్రం నాకు కొత్తగా తోచింది.

నేను పాడేరులో ముప్పయి ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం బోధించి, ఆ ఏడాది వేసవిలోనే ఉద్యోగ విరమణ చేశాను. ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1963 మే 25న అడిస్ అబాబాలో ఏర్పడిందని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. తమ్ముడు అక్కడ ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. ఇథియోపియాలో మన తెలుగు అధ్యాపకులు చాలామందే పనిచేశారు. దీపావళి అయిన వెంటనే బయలుదేరాను. ఆ ఏడాది జూన్ నుంచి పర్యాటకులందరూ వీసాను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో తీసుకునే ఏర్పాటు రావడంతో నా ప్రయాణం తేలికైంది. అయితే తమ్ముడికి సెలవులు లేవు కాబట్టి, పగలంతా ఆ నగరాన్ని నా అంతట నేనే తెలుసుకోవలసి వచ్చింది.

మొదటి పాఠం మరునాడే ఎదురైంది. ఇంటి యజమానురాలి కుమార్తె డిగ్రీ చదువుతోంది. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు. "రేపు మూడు గంటలకు మిమ్మల్ని మ్యూజియంకు తీసుకువెళతాను" అంది. సాయంత్రం మూడు గంటలే కదా అని నేను తీరికగా తలంటుకొని, బట్టలు ఉతుక్కుంటూ ఉండగా ఉదయం తొమ్మిదికే ఆ అమ్మాయి నెతెలా అనే తెల్లని నూలు శాలువా కప్పుకొని గుమ్మంలో నిలబడింది. ఇథియోపియాలో గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం ఆరు వారికి పన్నెండు. ఏడు వారికి ఒంటిగంట. తొమ్మిది వారికి మూడు. సాయంత్రం ఆరుకు మళ్లీ పన్నెండై, అక్కడి నుంచి రాత్రి గంటలు లెక్కపెడతారు. ఆ దేశం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఏడాది పొడవునా పగలూ రాత్రీ దాదాపు సమానంగానే ఉంటాయి కాబట్టి ఈ లెక్క ఏ కాలంలోనూ తప్పదు.

నా కంగారు చూసిన యజమానురాలు నా చేతి గడియారాన్ని పట్టుకొని, గంటల ముల్లు ఉన్న అంకెను వదిలి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకెను వేలితో చూపించారు. తొమ్మిదికి ఎదురు మూడు, పదికి ఎదురు నాలుగు. ఇంత సులువైన ఉపాయం ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది మరొకటి ఉంది. మన పంచాంగంలోనూ ఘడియలను సూర్యోదయం నుంచే లెక్కిస్తారు; మా అమ్మమ్మ "జాము పొద్దెక్కింది" అన్నప్పుడు ఆ జాము పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెట్టినదే. మనం ఆ లెక్కను పూజగదికి పరిమితం చేశాం. అడిస్ అబాబాలో బడి గంట, కొట్టు తెరిచే వేళ, స్నేహితులు కలుసుకునే వేళ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. విమానాల వంటి వాటికి మాత్రం అంతర్జాతీయ సమయం వాడతారు కాబట్టి, ఎవరైనా వేళ చెబితే అది ఏ లెక్కలోదో అడగడం కొత్తవారికి తప్పనిసరి.

నగరం సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున బతికిన నాకే మొదటి మూడు రోజులు చిన్న ఎత్తు ఎక్కినా ఆయాసం వచ్చింది. ఆ మూడు రోజులు ఇంటి పరిసరాలకు, తోడు ఉన్న చిన్న ప్రయాణాలకు పరిమితమై, ఆ తరువాతే దూరాలకు వెళ్లాను. ఎండ చురుక్కుమంటుంది, నీడలోకి వస్తే చలి; పగలంతా శాలువా కప్పుకోవడం, తీయడం అలవాటైపోయింది.

నగరంలో తిరగడానికి అందరికీ ఆధారం నీలం, తెలుపు రంగుల మినీబస్సులు. మన షేర్ ఆటోల వ్యవస్థకు అవి పెద్దన్నల వంటివి. సహాయకుడు కిటికీలోంచి సగం బయటకు వంగి "బోలె, బోలె, బోలె", "పియాస్సా, పియాస్సా" అని కేకలు వేస్తూ ఉంటాడు. బోర్డులు అమ్హారిక్ లిపిలో ఉంటాయి. కేకలే మనకు బోర్డులు. వినడం నేర్చుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మా ఇంటికి దగ్గరైన మెగెనాగ్నా కూడలిలో ఎక్కడం మానేసి ఒక పూటంతా నిలబడి, ఏ కేక ఏ దిక్కుకు పోతోందో కాగితం మీద రాసుకున్నాను. దిగవలసిన చోటు వస్తే "వెరాజ్ అల్లె" అనాలి, అంటే దిగేవారు ఉన్నారని అర్థం. ఈ రెండు మాటలూ సరిగ్గా పలికిన రోజున ముందు సీటులోని పెద్దాయన వెనుదిరిగి చిరునవ్వు నవ్వారు. అరాత్ కిలో, సిదిస్త్ కిలో వంటి పేర్లు మొదట విచిత్రంగా వినిపించినా, వాటి అర్థం నాలుగు కిలోమీటర్లు, ఆరు కిలోమీటర్లు అని తెలిశాక దారి గుర్తుపెట్టుకోవడం తేలికైంది. 2015 సెప్టెంబరులో మొదలైన లైట్ రైలు రెండు మార్గాల్లో నడుస్తుంది. టికెట్ అప్పట్లో రెండు నుంచి ఆరు బిర్లు, బిర్ విలువ మన రెండున్నర రూపాయలు. రద్దీ వేళల్లో అందులో కాలు పెట్టే చోటు దొరకదు; పెద్దవయసువారు మన పదింటికీ పన్నెండింటికీ మధ్య ఎక్కడం మేలు.

జాతీయ మ్యూజియంకు ఆ శనివారమే, ఆలస్యంగానే అయినా, వెళ్లాం. 1974 నవంబరు 24న హదార్‌లో దొరికిన, సుమారు 32 లక్షల సంవత్సరాల నాటి, మానవ పూర్వీకజాతికి చెందిన స్త్రీ అస్థిపంజరాన్ని ప్రపంచం లూసీ అంటుంది. ఇథియోపియన్లు దిన్కినెష్ అంటారు, నీవు అద్భుతమైనదానివి అని దాని అర్థం. అద్దాల పెట్టెలో చూసేవారికి ఉంచినది నమూనా. అయినా అంత చిన్న ఆకారం, మూడున్నర అడుగులు దాటని మనిషి, రెండు కాళ్ల మీద నిలబడి ఉండడాన్ని చూసినప్పుడు, ముప్పయి ఏళ్లు పాఠంగా చెప్పిన విషయం మొదటిసారి నా కళ్ల ముందుకు వచ్చినట్లైంది. పిల్లలకు దిన్కినెష్ అనే పేరు కూడా చెప్పి ఉండవలసిందని అనిపించింది.

భోజనం విషయంలో శాకాహారినైన నాకు బెంగ ఉండేది. అది దిగిన రోజే తీరిపోయింది, ఎందుకంటే ఆ రోజు శుక్రవారం. ఇథియోపియన్ ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఏడాదిలో మరెన్నో దీర్ఘమైన ఉపవాస కాలాల్లోనూ మాంసం, పాలు, గుడ్లు, నెయ్యి ముట్టరు. "యెత్సోమ్ మిగిబ్ అల్లె?", అంటే ఉపవాస భోజనం ఉందా, అని అడిగితే చాలు. తెఫ్ అనే అతిచిన్న ధాన్యపు పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చిన ఇంజెరాను పళ్లెం నిండా పరచి, దాని మీద ఎర్రని మసూరుపప్పు కారపు కూర, పసుపు వేసిన బఠాణీ పప్పు, ఆకుకూర, క్యాబేజీ, శనగపిండితో ఉడికించిన షీరో కుప్పలుగా వడ్డిస్తారు. పులుపు మన దోసె కంటే ఒక మెట్టు ఎక్కువ. కారం మన నాలుకకు సరిగ్గా సరిపోతుంది. ఇంటి యజమానురాలు తన పళ్లెంలోంచి ఒక ముక్క చుట్టి స్వయంగా నా నోట్లో పెట్టారు. దానిని గుర్షా అంటారు, ప్రేమకు, గౌరవానికి గుర్తు. అమ్మ చనిపోయాక నాకు ఎవరూ గోరుముద్ద పెట్టలేదు. ఆవిడకు ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక చేతులు పట్టుకున్నాను. తాను బడిలో చదువుకున్న రోజుల్లో లెక్కలు చెప్పినది ఒక భారతీయ ఉపాధ్యాయుడేనని ఆవిడ అన్నారు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి ఎందరో ఉపాధ్యాయులు అక్కడి బడుల్లో పనిచేశారు. ఆ తరం వారు "హింద్" అనే మాట వింటే ముందు తమ పంతులు గారినే తలచుకుంటారు.

కాఫీ గురించి కొంచెం ఎక్కువ రాయవలసి ఉంది. మా పాడేరు, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల పాదుల మధ్య పెరిగే అరాబికా కాఫీ మొక్కకు పుట్టిల్లు ఇథియోపియా నైరుతి అడవులు. ఆదివారం మధ్యాహ్నం యజమానురాలి ఇంట నేల మీద పచ్చగడ్డి పరచి, సాంబ్రాణి వంటి ధూపం వేసి, చిన్న కుంపటి ముందు ఆవిడ పీట మీద కూర్చున్నారు. పచ్చి గింజలను కడిగి, పెనం మీద నల్లబడేదాకా వేయించి, పొగలు కక్కుతున్న ఆ పెనాన్ని అందరి ముందుకూ తెచ్చి వాసన చూపించారు. మనం హారతి కళ్లకద్దుకున్నట్లే వారు ఆ పొగను చేత్తో తమ వైపుకు తీసుకున్నారు. తరువాత దంచి, పొడవు మెడ గల జెబెనా అనే నల్ల మట్టికుండలో కాచి, పిడిలేని చిన్న కప్పుల్లో పోశారు. మొదటి విడత అబోల్, రెండవది తోనా, మూడవది బెరెకా, అంటే దీవెన. మూడూ తాగకుండా లేవడం మర్యాద కాదు. ఇదంతా పూర్తయ్యేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో ఎవరూ గడియారం చూడలేదు.

నా విద్యార్థుల తల్లిదండ్రులు ఎంతోమంది కాఫీ పండిస్తారు. వారి ఇళ్లలో నాకు ఇచ్చినది ఎప్పుడూ టీయే. గింజలు ఎండబెట్టి, సంచులకెత్తి, అమ్మివేయడంతో వారికీ ఆ పంటకూ సంబంధం తీరిపోతుంది. ఇథియోపియాలో పండిన కాఫీలో దాదాపు సగం ఆ దేశంలోనే తాగుతారు. వీధి పక్కన ప్లాస్టిక్ పీట మీద కూర్చుని జెబెనాతో కాఫీ అమ్మే స్త్రీ కూడా తన చేతిలోని గింజ ఏ ప్రాంతానిదో చెప్పగలదు. ఆ తేడా నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మెర్కాతో అనే పెద్ద బజారుకు తమ్ముడు ఒంటరిగా వెళ్లవద్దన్నాడు; అతని మాట విన్నందుకు మంచే జరిగింది. యజమానురాలి అమ్మాయితో కలిసి, చేతిసంచీని ముందుకు వేసుకొని, నగలేమీ లేకుండా, ఉదయం వారి లెక్కలో మూడింటికి వెళ్లాను. పేరు ఇటాలియన్ మాట. 1896లో అద్వా యుద్ధంలో మెనెలిక్ చక్రవర్తి చేతిలో ఓడిన ఇటలీ, 1936లో తిరిగి వచ్చి ఐదేళ్లు ఆక్రమించినప్పుడు, సెయింట్ జార్జ్ చర్చి దగ్గర ఉన్న పాత సంతను పడమటికి తరలించి దానిని స్థానికుల బజారుగా, పాత చోటు చుట్టుపక్కలను తమ వారి పేట అయిన పియాస్సాగా విడదీసింది. ఆక్రమణ పోయింది; పేర్లు, మకియాటో కాఫీ, వీడ్కోలు చెప్పే "చావ్" అనే మాట నగరవాసుల సొంతమైపోయాయి.

మెర్కాతోను ఒక్క చూపులో చూడడం అసాధ్యం. ఒక్కో సరుకుకు ఒక్కో పేట ఉంటుంది. మినాలెష్ తెరా అనే పేటలో పాత ఇనుప పీపాలను కోసి, సమ్మెటతో సాగగొట్టి, కుంపట్లుగా, పొయ్యిలుగా మలుస్తున్నారు. ఆ సుత్తి దెబ్బల హోరులో పక్క మనిషి మాట వినిపించదు. అక్కడి నుంచి దినుసుల పేటకు వచ్చేసరికి బెర్బెరె కారపు ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక సంచీలో నల్లగా నిగనిగలాడుతున్న సన్నని గింజలు చూసి ఆగిపోయాను. దోసిట్లోకి తీసుకుంటే సందేహం లేదు, అవి మా వలిసెలు. అరకు లోయను నవంబరు, డిసెంబరు నెలల్లో పసుపుపచ్చగా మార్చే, ఫోటోల కోసం జనం బస్సులు కట్టుకొని వచ్చే వలిసె పూల గింజలు. కొందరు వెర్రినువ్వులంటారు. అమ్హారిక్‌లో నుగ్. ఆ మొక్కది కూడా ఇథియోపియాయే పుట్టిల్లు. శాస్త్రీయ నామంలోనే ఆ దేశపు పాత పేరు అబిసీనియా ఉంది. ఎవరి మూటలో, ఏ ఓడలో, ఏ శతాబ్దంలో సముద్రం దాటి మా కొండలకు చేరిందో తలచుకుంటూ ఆ గింజలను చాలాసేపు వదలలేదు. అమ్మే ఆమెకు మా ఊళ్లోనూ ఇవే పండుతాయని అమ్మాయి అనువదించి చెబితే, ఆమె గుప్పెడు గింజలు కాగితంలో పొట్లం కట్టి, డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టింది. మొలకెత్తే విత్తనాన్ని సరిహద్దు దాటించడం సరికాదు కాబట్టి వాటిని వేయించి తినేశాను.

ఎన్తోతో కొండకు వెళ్లిన రోజు నీలగిరి చెట్ల వాసన మధ్య మూడు వేల మీటర్ల ఎత్తున గాలి పీల్చడానికి ఆగి ఆగి నడిచాను. 1886లో ఈ కొండ మీది నుంచి వేడినీటి ఊటల దగ్గరకు దిగి, మహారాణి తాయితు కొత్త పువ్వు అనే అర్థంతో అడిస్ అబాబాకు పేరు పెట్టింది. కొన్నేళ్లకే వంటచెరకు చాలక రాజధానినే మార్చాలనుకున్నారు. త్వరగా పెరిగే నీలగిరిని నాటించడంతో నగరం నిలిచింది. ఆ చెట్ల కొమ్మలను మోపులుగా కట్టి, నడుము రెండుగా వంచి, స్త్రీలు అప్పటికీ కొండ దిగుతూ కనిపించారు. వారికి దారి ఇవ్వడానికి పక్కకు తప్పుకున్నప్పుడు, మోపు కింద నుంచి ఒక ముసలామె నాకే "సెలామ్" చెప్పింది.

మెస్కెల్ కూడలి పక్కనున్న రెడ్ టెర్రర్ అమరుల స్మారక మ్యూజియం చిన్నది. 1974లో హైలే సెలాసీ చక్రవర్తిని దించి అధికారానికి వచ్చిన దెర్గ్ సైనిక పాలనలో చంపబడిన వారి ఫోటోలు గోడల నిండా ఉన్నాయి. అందులో ఎక్కువమంది మా పదో తరగతి పిల్లల కంటే నాలుగైదేళ్లు మాత్రమే పెద్దవారు. నాకు వివరించి చూపించిన వ్యక్తి ఆ జైళ్లలో ఏళ్ల తరబడి ఉండి బయటపడినవారు. ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు. బయటకు వచ్చి కూడలి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అదే మెట్ల మీద తెల్లవారుజామున, వారి లెక్కలో పదకొండు నుంచే, యువతీయువకులు వరుసలు కట్టి పరుగు సాధన చేయడం మరో రోజు చూశాను. 1960లో రోమ్‌లో చెప్పులు లేకుండా మారథాన్ గెలిచిన అబెబె బికిలా దేశం అది.

బయలుదేరడానికి ముందు రోజు, నవంబరు 21, బుధవారం, తెల్లవారేసరికి వీధి అంతా పొగ. ఏదో అంటుకుందని భయపడి బయటకు పరుగెత్తాను. ప్రతి గుమ్మం ముందూ ఊడ్చిన చెత్తను పోగుచేసి తగలబెడుతున్నారు. పిల్లలు మంటల చుట్టూ గెంతుతున్నారు. ఆ రోజు హిదార్ నెల 12. 1918లో ప్రపంచాన్ని పీడించిన ఇన్‌ఫ్లుయెంజా హిదార్ నెలలోనే ఈ నగరం మీద పడి వేలమందిని బలిగొంది. తరువాతి కాలంలో హైలే సెలాసీ పేరుతో చక్రవర్తి అయిన రాస్ తఫారి కూడా ఆ జబ్బు పడి కోలుకున్నాడు. ఆ వ్యాధి తిరిగి రాకూడదని ఏటా ఆ తేదీన ఇల్లూ వాకిలీ శుభ్రం చేసి, చెత్తను కాల్చి, పొగపెట్టడం ఆచారమైంది. యజమానురాలికి ఈ సంగతి ఆవిడ అమ్మమ్మ చెప్పిందట. మన లెక్కలో 1918 నుంచి 2018కి, వారి లెక్కలో 1911 నుంచి 2011కి, ఎలా చూసినా సరిగ్గా నూరేళ్లు. నేను మా భోగిమంటల గురించి చెప్పాను. ఆవిడ ఒక చీపురు నా చేతికిచ్చారు. మా గుమ్మం ముందు ఊడ్చి, నా రెండు వారాల బస్సు కేకలు రాసుకున్న కాగితాన్ని మాత్రం దాచుకొని, మిగిలిన కాగితాలన్నీ ఆ మంటలో వేశాను. దగ్గరలోని చర్చికి మిఖాయేల్ దేవదూత పండుగ కోసం తెల్లని వస్త్రాలు ధరించిన జనం ఆ పొగలోంచే నడిచి వెళ్లారు.

మరునాడు గురువారం రాత్రి విమానం. టాక్సీ నడిపే అబ్బాయి మధ్యాహ్నం వచ్చి "హులెత్ సఆత్", రెండు గంటలకు వస్తానని చెప్పి వెళ్లాడు. తమ్ముడు ఏదో చెప్పబోయాడు. నేను అప్పటికే పెట్టె సర్దడం ఆపి, సాయంత్రం కాఫీకి యజమానురాలి ఇంటికి బయలుదేరాను. మూడు కప్పులూ పూర్తయ్యాక లేచి, ఎనిమిదింటికి గేటు దగ్గరకు వెళ్లేసరికి టాక్సీ వచ్చి నిలబడి ఉంది.